గోదావరి ముసురులో తోలు షూ: నూనె రాయాలా, మైనం పట్టించాలా, స్ప్రే కొట్టాలా?

ఐదు రోజులు వదలకుండా ముసురు పట్టిన జూలై అది. ఆరో రోజు పొద్దున డ్యూటీకి బయల్దేరుతూ గుమ్మం పక్క అరలోంచి నల్ల షూ తీశాను. ముందు భాగం మీద ఎవరో విభూది చల్లినట్టుంది. వేలితో రాస్తే మెత్తగా, నూగులా లేచి వచ్చింది. బూజు. వారం క్రితమే ఆ షూకి ఇంట్లో ఉన్న కొబ్బరినూనె కడుపునిండా పట్టించాను, వానాకాలం కదా, తోలుకి రక్షణ ఉంటుందని. పక్కనే ఉన్న పాత గోధుమరంగు జతకి ఏమీ రాయలేదు. దాని మీద చుక్క బూజు కూడా లేదు.

నేను మెడికల్ రెప్‌ని. అమలాపురం, రాజోలు, మలికిపురం తిరిగి, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం, అక్కణ్ణుంచి పాలకొల్లు. పదహారేళ్ళుగా ఇదే రూటు. డాక్టరు గారి గదిలోకి టక్ చేసుకుని, మెరిసే షూతో వెళ్ళాలి. రేవులో దిగేటప్పుడు మాత్రం కాలు బురదలో పెట్టక తప్పదు. ఈ రెండింటి మధ్య ఎన్ని జతలు పాడయ్యాయో లెక్క లేదు గానీ, వాటి పుణ్యమా అని ఏది పనికొస్తుందో, ఏది డబ్బు దండగో కొంత తెలిసింది.

షూ జాగ్రత్తల గురించి మనకి దొరికే సలహాల్లో చాలావరకు చలిదేశాల వాళ్ళవి. చలికాలమంతా అక్కడ గదుల్లో హీటర్లు వెలుగుతాయి, గాలి పొడిగా ఉంటుంది. తోలు ఎండి, బిగిసి, పగులుతుంది. అందుకే వాళ్ళు తోలుని మెత్తగా ఉంచడానికి రాసే కండిషనర్, కండిషనర్ అని పోరుపెడతారు. మన డెల్టాలో జూన్ నుంచి డిసెంబరు దాకా గాలిలోనే నీళ్ళుంటాయి. నైరుతి వానలు వెళ్ళాయని ఊపిరి పీల్చుకునేలోపు వాయుగుండాలు మొదలు. ఇక్కడ తోలు దాహంతో చావదు, నాని చస్తుంది. డబ్బా కొనేముందు మనం అడగాల్సింది ఒకటే: ఇది బయటి నీటిని ఆపుతుందా, లోపలి చెమ్మని బయటికి పోనిస్తుందా? ఈ రెండూ ఒకదానికొకటి పడవు. ఎంపికంతా ఆ తగవు తీర్చడమే.

ముందు ఒక నీటి చుక్క

కొనడానికి ముందు మీ షూ ఏ తోలో చూడండి. మడమ పక్కన, ఎవరికీ కనబడని చోట ఒక నీటి చుక్క వేసి రెండు నిమిషాలు ఆగండి.

చుక్క తామరాకు మీద నీళ్ళలా అలాగే నిలబడితే, మీది పైపూత ఉన్న తోలు. షాపుల్లో దొరికే నల్ల ఆఫీసు షూలలో ఎక్కువ ఇవే. చర్మం మీది గీతలు, మచ్చలు గీకి నునుపు చేసి, పైన రంగు, దాని మీద ప్లాస్టిక్ లాంటి పూత వేస్తారు. దీనికి ఎంత ఖరీదైన నూనె రాసినా పైనే నిలబడి జిడ్డవుతుంది. నడిచేటప్పుడు వేళ్ళ దగ్గర మడతపడి పూత చిట్లిన చోట మాత్రం లోపలికి దిగుతుంది. నా నల్ల షూకి బూజు మొదలైంది సరిగ్గా ఆ మడతల్లోనే.

చుక్క పడిన చోటు ముదురు రంగుకి తిరిగి, నీళ్ళు లోపలికి ఇంకితే అది పూత లేని అసలు తోలు. నూనె తాగుతుంది, నీళ్ళూ తాగుతుంది. కండిషనర్ల గురించి తల బద్దలుకొట్టుకోవాల్సింది వీళ్ళే.

వంచిన చోట రంగు పాలిపోయి, వదిలితే మళ్ళీ సర్దుకునే రకం ఇంకొకటుంది. బైకు బూట్లలో కనిపిస్తుంది, షాపు వాళ్ళు క్రేజీ హార్స్ అంటారు. దీనికి టానరీలోనే, అంటే తోలు తయారుచేసే చోటే, నూనె, మైనం దట్టించి పంపిస్తారు. కొన్న మొదటి ఏడు దీన్ని ఏమీ చేయకుండా వదిలేయడమే మేలు.

నూగు ఉండే స్వెడ్, నూబక్ రకాలకి నూనె గానీ మైనం గానీ తగలనివ్వద్దు. నూగు అతుక్కుపోయి అక్కడ ఎప్పటికీ పోని మచ్చ పడుతుంది. ఇక అంచు చీరిన చోట పీచుకి బదులు గుడ్డ నేత కనిపిస్తే అది రెగ్జిన్. తడిగుడ్డతో తుడిస్తే చాలు, కండిషనర్ డబ్బులు మిగుల్చుకోండి.

తోలుని పదును చేసే, అంటే పచ్చి చర్మాన్ని కుళ్ళకుండా తోలుగా మార్చే, పద్ధతి గురించి కూడా ఒక ముక్క. పూర్వం తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయలతో పదును చేసేవారు. ఇప్పటికీ కొల్హాపురి చెప్పులు, మందపాటి బెల్టులు అలాంటి తోలుతో వస్తాయి. ఆంబూరు, రాణిపేట లాంటి చోట్ల టానరీల్లో తయారయ్యే షూ తోలు ఎక్కువగా క్రోమియం లవణాలతో పదును చేసిందే. మనకి తేడా ఎక్కడ తెలుస్తుందంటే, చెక్కతో పదును చేసిన తోలు తడిగా ఉన్నప్పుడు 70, 80 డిగ్రీల వేడి తగిలితే ముడుచుకుపోతుంది. క్రోమ్ తోలు దాదాపు మరిగే నీటి వేడిదాకా తట్టుకుంటుంది. తడిసిన కొల్హాపురిని పొయ్యి పక్కన ఆరబెట్టారంటే మర్నాటికి అది మీ అబ్బాయి సైజవుతుంది.

వంటింటి నూనెలు, కొన్న నూనెలు

కోనసీమలో కొబ్బరినూనె లేని ఇల్లుండదు, అందుకే మొదట చెయ్యి దాని మీదికే పోతుంది. రాసిన పది నిమిషాల్లో తోలు మెత్తబడుతుంది, రంగు నిగనిగలాడుతుంది. దాదాపు 90 శాతం సంతృప్త కొవ్వు కావడం వల్ల తొందరగా కంపు కూడా కొట్టదు. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ అది నీటిని ఆపదు. పైగా బూజుకి కావాల్సినవి రెండే, తేమ, తిండి. తేమ గాలిలో ఉంది, తిండి మనం పెట్టాం.

ఆ బూజు పట్టిన జతని అమలాపురం గడియార స్తంభం దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. "బాబాయ్, ఇంత నూనె రాసినా బూజెందుకు పట్టింది?" అన్నాను. షూని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, "రాసినా కాదండి, రాయబట్టే పట్టింది. ఆకలిగా ఉన్నోడి ముందు పప్పన్నం పెట్టి, ఎందుకు తిన్నావంటే ఎలాగండీ?" అన్నాడు.

కొబ్బరినూనెతో ఇంకో చిక్కు డిసెంబరులో తెలిసింది. అది 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. చలికి స్నానాల గదిలో సీసా గడ్డకట్టిన రోజునే షూ మడతల్లో మళ్ళీ తెల్లటి పొర తేలింది. మళ్ళీ బూజేనని కంగారుపడ్డాను. బొటనవేలు ఆనించి కాసేపు రుద్దితే కరిగి మాయమైంది. ఇది గుర్తుపెట్టుకోండి: వేడి తగిలితే కరిగేది కొవ్వు, కరక్కుండా దుమ్ములా వేలికి అంటేది బూజు. కొవ్వైతే గుడ్డతో తుడిస్తే సరి. బూజైతే దాని సంగతి వేరే, కింద చెప్తాను.

ఆముదం దీనికంటే నయం. మా తాతగారు కొత్త కిర్రు చెప్పులు తెచ్చుకున్న రాత్రి ఆముదం పట్టించి, ఎలకలు కొరక్కుండా దూలానికి వేలాడదీసేవారు. నాలుగు రోజులు అలా నానితే గానీ కాలికి తొడిగేవారు కాదు. ఆముదం చిక్కన, లోపల గట్టిపడదు, పాడవడం కూడా నెమ్మది. కాకపోతే జిగురు. దారిలో ఉన్న దుమ్మంతా దానికే అంటుకుంటుంది, పైన పాలిష్ పట్టదు. పొలం చెప్పులకి, మందపాటి బెల్టుకి రాసుకోండి. ఆఫీసు షూకి వద్దు. నువ్వుల నూనె, వేరుశనగ నూనె అసలే వద్దు, కొన్నాళ్ళకి బంకగా మారి వాసన వేస్తాయి. అవిసె నూనె అయితే పెయింటులా ఆరి తోలుని పెళుసు చేస్తుంది.

కొన్న నూనెల్లో పేరున్నది నీట్స్‌ఫుట్ ఆయిల్. ఆవులు, ఎద్దుల కాలి ఎముకల నుంచి తీస్తారు. పట్టింపు ఉన్నవాళ్ళు ఈ సంగతి తెలిసి కొనుక్కోవాలి. చలికి కూడా గడ్డకట్టదు, తోలు లోపలి పోగుల దాకా దిగుతుంది. బిగుసుకుపోయిన తోలుని మళ్ళీ మనుషుల్లో కలపడంలో దీన్ని మించింది నేను చూడలేదు. 2022 జూలై వరదలో గోదావరి లంకలో ఉండే మా మేనత్త ఇంట్లో వదిలేసిన నా బైకు బూట్లు రెండు రోజులు నీళ్ళలోనే ఉన్నాయి. నీళ్ళు తీశాక చూస్తే ఒండ్రు పేరుకుని ఇటుకల్లా ఉన్నాయి. ఒండ్రు ఎండుతూ తోలులోని నూనెని కూడా లాగేస్తుంది. మంచినీళ్ళతో మళ్ళీ తడిపి, మట్టంతా కడిగి, నీడలో నాలుగు రోజులు ఆరబెట్టి, కాస్త చెమ్మ ఉండగానే టీ చెంచాడు నీట్స్‌ఫుట్ రెండు బూట్లకీ కలిపి రాశాను. మర్నాడు ఇంకో సగం చెంచా. వారానికి వంగాయి. అలాంటి ప్రాణం మీదికొచ్చిన వేళకి తప్ప, నెలనెలా రాసేది కాదిది. ఎక్కువైతే తోలు వదులై, షూ ఆకారం పోతుంది, కుట్టు రంధ్రాలు సాగుతాయి. రాసిన నూనెని వెనక్కి తీసే ఉపాయం లేదు.

మింక్ ఆయిల్ కూడా జంతువు కొవ్వే. కొంత మెత్తదనం, కొంత నీటి రక్షణ ఇస్తుంది, రంగు బాగా ముదురు చేస్తుంది. ఆ పేరుతో వేరే కొవ్వులు, సిలికాన్ కలిపి అమ్మేవీ ఉన్నాయి కాబట్టి డబ్బా మీద చదవాలి. మన ఉక్కకి నేను దాన్ని ఎంచుకోను.

మైనం, క్రీము, పాలిష్

ఈ మూడూ ఒకటే అనుకునేవాళ్ళు చాలామంది. క్రీము అంటే నీళ్ళు, కాస్త మైనం, కాస్త నూనె, రంగు కలిపింది. పల్చగా ఉంటుంది, పోయిన రంగుని నింపుతుంది, తోలుకి ఇవ్వాల్సినంత తేమని ఇస్తుంది. డబ్బా పాలిష్‌లో మైనం పాలు ఎక్కువ. మెరుపు దాని పని, మెరుపుతోపాటు జల్లుని కొంత ఆపుతుంది. మూతకి స్పాంజి ఉన్న ద్రవం పాలిష్ ఉంది చూశారూ, పూసిన నిమిషంలో అద్దంలా తయారవుతుంది. అదొక పల్చటి పొర. రోజూ వేస్తే పొర మీద పొర పేరుకుని మడతల దగ్గర పెళ్ళలుగా లేస్తుంది. డాక్టరు గారి గది బయట అర్జంటుకి తప్ప నేను వాడను.

అసలు నీటి రక్షణ తేనెమైనంది. దీనికి కారణం దాని కరిగే వేడిలో ఉంది. కొబ్బరినూనె 24 డిగ్రీలకే కరిగిపోతే, తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల దాకా గట్టిగా నిలుస్తుంది. బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే కార్నాబా మైనమైతే 80 దాటాక గానీ కరగదు. మంచి పాలిష్‌లకి ఆ గాజు మెరుపు దానివల్లే. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు గానీ, ఆ ఎండలో నడిచినా తోలులో పట్టిన తేనెమైనం కారిపోదు, డిసెంబరు చలికి తెల్లగా తేలదు.

పట్టించే తీరు ముఖ్యం. షూ పూర్తిగా పొడిగా ఉండాలి, చెమ్మ మీద మైనం వేస్తే ఆ చెమ్మని లోపల పెట్టి సీలు వేసినట్టే. హెయిర్ డ్రయ్యర్‌తో తోలుని గోరువెచ్చగా చేసి, మైనం కొంచెం వేలి కొసకి తీసుకుని రుద్దండి. వేలి వేడికి అది దిగడం కంటికి కనిపిస్తుంది. కుట్ల వెంట, సోలు తోలుని కలిసే గాడిలో పాత టూత్‌బ్రష్‌తో ఎక్కించండి. రాత్రంతా వదిలి, పొద్దున బనీను గుడ్డతో మిగిలింది తుడిచేయండి.

ఇంట్లో చేసుకోవాలంటే ఒక వంతు తేనెమైనం, రెండు వంతులు ఆముదం. మైనాన్ని నేరుగా పొయ్యి మీద పెట్టకండి, అంటుకుంటుంది. వేడినీళ్ళ గిన్నెలో చిన్న గిన్నె పెట్టి కరిగించి, ఆముదం కలిపి, పాత పాలిష్ డబ్బాలో పోస్తే చల్లారి పేరుకుంటుంది. ఒక డబ్బా రెండు వానాకాలాలు వస్తుంది.

దీని దోషాలూ చెప్పాలి. తోలు మందకొడిగా, మట్టిరంగులో కనిపిస్తుంది. మళ్ళీ అద్దంలా మెరిపించడం కష్టం. షూకి గాలాడదు, కాలి చెమట లోపలే ఉంటుంది. సాయంత్రానికి సాక్సులు పిండుకోవచ్చు. కాబట్టి ఆఫీసు షూకి మొత్తం పట్టించకుండా కుట్లకీ, సోలు గాడికీ మాత్రమే మైనం, మిగతా అంతా క్రీము. బైకు బూటుకి నెత్తి నుంచి మడమ దాకా మైనం.

స్ప్రే మాటేమిటి?

స్ప్రేలు రెండు జాతులు. సిలికాన్‌ది చవక, పైన పొరలా పరుచుకుంటుంది, నాలుగు వానలకి పోతుంది. ఫ్లోరిన్ రసాయనాలది నీటితోపాటు నూనె మరకని కూడా ఆపుతుంది, గాలి కూడా బాగానే ఆడనిస్తుంది. పనితనంలో అదే మేటి. కానీ ఆ కుటుంబంలోని రసాయనాలు నేలలో, నీటిలో ఎన్నేళ్ళకీ విరగవు. పీఎఫ్‌ఏఎస్ అనే ఆ కుటుంబంలో పీఎఫ్‌ఓఎస్‌ను 2009లో, పీఎఫ్‌ఓఏను 2019లో స్టాక్‌హోమ్ ఒప్పందం కింద అంతర్జాతీయ నియంత్రణ జాబితాలో చేర్చారు. కాలవలో స్నానం చేసి, బోరు నీళ్ళు తాగి, చేపల చెరువుల మీద బతికే ప్రాంతంలో నేను వాటిని కొనను. ఇప్పుడు ఫ్లోరిన్ లేనివి వస్తున్నాయి, డబ్బా మీద పీఎఫ్‌సీ ఫ్రీ అనో, పీఎఫ్‌ఏఎస్ ఫ్రీ అనో రాసి ఉంటుంది.

ఏ స్ప్రే అయినా వసారాలోనో డాబా మీదో కొట్టండి. గది తలుపులు వేసుకుని కొడితే ఆ తుంపర ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అది మామూలు దగ్గుతో పోయే వ్యవహారం కాకపోవచ్చు. స్వెడ్, నూబక్, గుడ్డ షూలకి స్ప్రే తప్ప దారి లేదు. పాలిష్ పట్టిన నల్ల షూ మీద స్ప్రే కొట్టడం జిడ్డు గోడకి సున్నం వేయడమే, పట్టదు.

నీళ్ళు అసలు ఎటునుంచి వస్తున్నాయి?

ఇన్ని డబ్బాలూ కొన్నాక కూడా నా కాలు తడిసేది. చిరాకొచ్చి ఒక ఆదివారం పెరట్లో టబ్బు పెట్టి, రెండు వేళ్ళ లోతు నీళ్ళు పోసి, షూ లోపల దినపత్రిక కాగితాలు పొరలుగా పరిచి నిలబెట్టాను. ఐదు నిమిషాలకోసారి కాగితం తీసి చూడటం. మొదటి తడి మరక చిటికెనవేలు పక్కన, సోలు అతికిన గాడి దగ్గర వచ్చింది. ఆ తర్వాత మడమ వెనక కుట్టు దగ్గర. అరగంట అయినా తోలు గుండా నీళ్ళు రాలేదు. ఇన్నాళ్ళూ నూనెలు, మైనాలు పూసింది గోడకి. ఇల్లు కారుతున్నది తలుపు సందులోంచి.

అందుకని అతికించిన సోలుకి కండిషనర్ కంటే ముందు కావాల్సింది కుట్టు. బాబాయ్ లాంటివాళ్ళు సోలు చుట్టూ మందపాటి దారంతో కుట్టి ఇస్తారు. ఆ దారానికి ముందే మైనం రుద్దమని అడగండి, రంధ్రాలు దానంతటవే పూడుతాయి. గుడ్‌ఇయర్ వెల్ట్ అని సోలుకీ తోలుకీ మధ్య పట్టీ వేసి కుట్టే ఖరీదైన షూలు ఉన్నాయి. సోలు అరిగితే మార్చుకోవచ్చు, పదేళ్ళు నడుస్తాయి. అవి కొనేవాళ్ళు ఆ పట్టీ మీది కుట్టుకి ఏడాదికి రెండుసార్లు మైనం ఎక్కించాలి.

సోలు గురించి ఇంకో బాధ చెప్పుకోవాలి. పెళ్ళిళ్ళకని ఒక మంచి జత కొని, నాలుగైదుసార్లు వేసి, అట్టపెట్టెలో దాచాను. ఆరేళ్ళ తర్వాత బంధువుల పెళ్ళికి తీసి వేసుకున్నాను. పైన తోలు కొత్త పెళ్ళికొడుకే. కళ్యాణమండపం మెట్లెక్కుతుంటే కాలి కింద ఏదో మెత్తగా నలిగింది. తిరిగి చూస్తే మెట్టు మెట్టుకీ నల్లటి ముక్కలు, నానిన మరమరాల్లా. సోలు మొత్తం పొడైపోయింది, మిగిలిన పెళ్ళంతా సాక్సులతోనే. షాపువాణ్ణి తిట్టుకున్నాను గానీ తప్పు పదార్థానిది. పీయూ అనే పాలియురెథేన్ సోలుని గాలిలోని తేమే లోలోపల విరగ్గొడుతుంది. వాడకుండా పెట్టెలో దాస్తే ఇంకా తొందరగా. మన డెల్టా గాలికి అది దొరికిన భోజనం. కొనేటప్పుడు సోలు రబ్బరా, టీపీఆరా (రబ్బరులా వంగే ప్లాస్టిక్), పీయూనా అని అడగండి. పీయూ అయితే దాచకండి, వేసుకుని అరగదీయండి. పైన తోలుకి రాసే ఏ కండిషనరూ సోలుని కాపాడలేదు.

మీకు ఏది?

నాలాగా రోజూ టక్, నల్ల షూ, బైకు అయితే: నెలకోసారి క్రీము, వారానికోసారి డబ్బా పాలిష్, మృగశిర కార్తెకి ముందు కుట్లకీ గాడికీ తేనెమైనం. నూనె వద్దు. రెండు జతలు పెట్టుకుని రోజు మార్చి రోజు వేయడం ఏ డబ్బా కంటే ఎక్కువ పనిచేస్తుంది, ఎందుకంటే నిన్నటి చెమట ఆరడానికి ఒక పూర్తి రోజు కావాలి. రెండో జత డబ్బులు ఎక్కువనిపిస్తాయి గానీ, ఒక్కో జతా రెట్టింపు కంటే ఎక్కువ కాలం వస్తుంది. నా మాట నమ్మండి.

బుల్లెట్ బండి, పొడుగు బూట్లు ఉన్న కుర్రాళ్ళకి: మైనం, ఏడాదికి రెండుసార్లు, వానలకి ముందూ తర్వాతా. మెరుపు మీద ఆశ వదులుకోండి. సైలెన్సర్‌కి ఆనే పక్కన మైనం కరుగుతుంది, అక్కడ మళ్ళీ మళ్ళీ రాయాలి.

భీమవరం వైపు రొయ్యల చెరువుల మీద తిరిగేవాళ్ళ సంగతి వేరు. ఉప్పునీళ్ళు ఆరితే తోలు మీద తెల్లటి గీతలు తేలతాయి, ఆ ఉప్పు గాలిలోని చెమ్మని పీల్చుకుంటూనే ఉంటుంది. ఒక వంతు వెనిగర్, రెండు వంతుల నీళ్ళు కలిపి గుడ్డతో తుడిచి, మళ్ళీ మంచినీళ్ళతో తుడవాలి. ఆ తర్వాతే ఏదైనా రాయాలి, లేదంటే ఉప్పుని లోపల దాచి పెట్టినట్టవుతుంది. నిజానికి గట్టు మీదికి తోలు ఎందుకండీ? మోకాలిదాకా వచ్చే రబ్బరు బూట్లు ఉన్నాయి, చెరువు పనికి వాటిని మించింది లేదు. తోలు సేఫ్టీ షూ కంపెనీ ఇచ్చిందే వేయాలి అంటే మైనం, రోజూ లోపల కాగితం.

పోలీసు, ఎన్‌సీసీ వాళ్ళకి నేను చెప్పేదేమీ లేదు. పాలిష్, నీటి చుక్క, గుడ్డ, గంటసేపు ఓపిక, బూటు ముక్కులో మొహం చూసుకోవచ్చు. ఒకటే మాట: ఆ మెరుపు ముక్కు మీదే ఉంచండి, మడతపడే చోట వేస్తే రెండో అడుగుకే చిట్లుతుంది.

తడిసిన సాయంత్రం

తడిసిన షూని డాబా మీద ఎండలో పెట్టకండి, ఫ్రిజ్ వెనక వేడికి పెట్టకండి. లేసులు తీసి, లోపలి అట్టని బయటికి లాగి, పాత పేపరు ఉండలు చుట్టి కుక్కండి. గంటకి ఆ ఉండలు తడిసి ముద్దవుతాయి, మార్చండి. రాత్రి పడుకునే ముందు ఇంకోసారి. షూని పక్కకి వాల్చి, సోలుకి కూడా గాలి తగిలేలా ఫ్యాన్ కింద పెట్టండి. రెండు రోజులు పట్టినా తొందరపడొద్దు.

బూజు పట్టిన షూని ఇంట్లో దులపొద్దు, ఆ పొడి పక్క జతలకి పాకుతుంది. బయటికి తీసుకెళ్ళి బ్రష్‌తో దులిపి, మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కి సమానంగా నీళ్ళు కలిపి, గుడ్డని తడిపి, లోపలా బయటా తుడిచి ఆరనివ్వండి. రంగు దిగుతుందేమో ముందు మడమ దగ్గర చూసుకోండి. ఆల్కహాల్ తోలుని ఎండగడుతుంది కాబట్టి మర్నాడు పల్చగా క్రీము. మనకి క్రీము నిజంగా అవసరమయ్యే సందర్భం ఇదొకటి. దాచేటప్పుడు ప్లాస్టిక్ కవరు, ఇనప బీరువా రెండూ శత్రువులే. గుడ్డ సంచి, లోపల సిలికా జెల్ పొట్లం, వారానికోసారి బయటి గాలి. నాఫ్తలీన్ గోలీలు పురుగుని ఆపుతాయేమో గానీ తేమని పీల్చవు.

ఇవన్నీ చేస్తూ కూడా, ఆశ్లేష, మఖ కార్తెల్లో గోదారి ఎర్రగా పోటెత్తి, రేవు మెట్లు మునిగి, పంటు దాకా పలకల మీద నడవాల్సిన రోజులుంటాయి. ఆ రోజుల్లో నా కాళ్ళకి రబ్బరు శాండిల్స్. షూ, పొడి సాక్సులు, ఒక చిన్న తువ్వాలు పాలిథిన్ కవరులో చుట్టి బ్యాగులో శాంపిల్స్ పక్కన ఉంటాయి. నరసాపురంలో దిగాక ఆసుపత్రి మెట్ల కింద కాళ్ళు కడుక్కుని, తుడుచుకుని, షూ తొడుక్కుంటాను. మొదట్లో కాంపౌండరు నవ్వేవాడు. ఇప్పుడు ఆయనే స్టూలు బయటికి వేస్తున్నాడు.